పనికి వెళ్లే సైకిలు: సంగం దారుల్లో ఏది కొనాలి?

పాత సైకిలు ఇక పనికిరాదని తేలాక మరొకటి కొనడం పైకి చిన్న పనిలాగే కనిపిస్తుంది. అంగడికి వెళ్తాం, నచ్చింది చూస్తాం, బేరమాడతాం, తొక్కుకుంటూ ఇంటికొస్తాం. బడి పిల్లవాడికి సరదాగా కొనిచ్చేటప్పుడు ఇంతటితో సరిపోతుంది. తెల్లారగానే పనికి బయల్దేరి, చీకటి పడ్డాక ఇల్లు చేరే మనిషికి మాత్రం సరిపోదు. ఆ సైకిలు దారి మధ్యలో ఆగిపోతే ఆ పూట కూలి పోతుంది. రెండుసార్లు ఆలస్యమైతే మేస్త్రీ మూడోనాడు ఇంకొకరిని పెట్టుకుంటాడు. జీవనం దానిమీదే నడుస్తోంది కనుక ఈ కొనుగోలు గురించి మొదటి నుంచి చివరిదాకా ఒకసారి ఆలోచించుకోవడం అవసరం.

ఈ వ్యాసం చెప్పేది ఒక్క మాటే. పనికి వెళ్లే సైకిలును రంగు, గేర్లు, షాకబ్జార్బర్లు చూసి ఎంచుకోకూడదు. వెళ్లే దారి, మోసే బరువు, కురిసే వాన, రాత్రి చీకటి, దగ్గర్లో ఉన్న మెకానిక్కు, ఈ ఐదూ చూసి ఎంచుకోవాలి. అంగళ్లలో ముందు వరసలో నిలబెట్టే సైకిళ్లలో చాలావాటికి ఈ ఐదింటితో సంబంధం లేదు. మనకు కావలసింది వెనక వరసలో ఉంటుంది. అడిగి బయటికి తీయించుకోవాలి.

దారి ముందు, సైకిలు తర్వాత

నెల్లూరు నుంచి పడమరకు వెళ్లే ముంబై రోడ్డు బుచ్చిరెడ్డిపాలెం, దువ్వూరు దాటి సంగం వస్తుంది. నెల్లూరు నుంచి సంగం సుమారు 30 కిలోమీటర్లు. అక్కణ్నుంచి ఆత్మకూరు ఇంకో పాతిక కిలోమీటర్ల పైమాట. ఇదే 67వ నంబరు జాతీయ రహదారి. కృష్ణపట్నం రేవుకు పోయే లారీలు కూడా దీనిమీదే తిరుగుతాయి. సంగం నుంచి కలిగిరి వైపు ఒక రోడ్డు చీలుతుంది. పెన్న మీద కొత్త బ్యారేజీ వంతెన దాటితే పొదలకూరు వైపు పోవచ్చు.

ఆ వంతెన సైకిలు మనిషికి తెచ్చిన మార్పు చిన్నది కాదు. 1880లలో బ్రిటిషువాళ్లు సంగం దగ్గర పెన్నకు ఆనకట్ట కట్టారు. నదికి నీళ్లొచ్చినప్పుడల్లా దానిమీది దారి మునిగి, అవతలి ఊళ్లకు రాకపోకలు ఆగిపోయేవి. 2022 సెప్టెంబరు 6న దివంగత మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి పేరు మీద బ్యారేజీ ప్రారంభమయ్యాక దాదాపు 1.2 కిలోమీటర్ల పొడవున వంతెన దారి ఏర్పడింది. అవతలి ఒడ్డు నుంచి సంగం సెంటరుకు వచ్చి పని చేసుకునేవాళ్లకు వరద రోజుల్లో కూడా దారి దొరికింది.

నేల తీరు కూడా గమనించాలి. బుచ్చి నుంచి సంగం దాకా కాలవల కింద వరి పండే చదును నేల. ఇక్కడ ఒక్క గేరు సైకిలు హాయిగా సాగిపోతుంది. ఆత్మకూరు దాటి మర్రిపాడు వైపు, లేదా వింజమూరు మీదుగా ఉదయగిరి వైపు వెళ్లేకొద్దీ మెట్ట నేల, ఎత్తుపల్లాలు, కొండల పాదాలు. కాలవ గట్టు మీద నీటి లెక్కలు చూసుకుంటూ తిరిగే లస్కరుకు బాగా నప్పిన సైకిలు ఉదయగిరి కొండ కింద ఊళ్లో తపాలా పంచే మనిషిని రొప్పిస్తుంది. ‘మంచి సైకిలు ఏది?’ అన్న ప్రశ్నకు అందుకే ఒక్క జవాబు లేదు. ‘మీ దారికి మంచి సైకిలు ఏది?’ అని అడిగితే జవాబుంది.

గాలి లెక్క వేరే ఉంది. మే, జూన్ నెలల్లో పడమటి నుంచి వడగాలి కొడుతుంది. ఆత్మకూరు వైపు ఊళ్ల నుంచి సంగం వచ్చేవాళ్లకు పోయేటప్పుడు గాలి వెన్ను తడుతుంది, తిరిగొచ్చేటప్పుడు ముఖాన కొడుతుంది. దూరం అదే అయినా సాయంత్రం ప్రయాణం బరువు. అలిసిన ఒంటితో ఎదురుగాలిలో తొక్కాల్సింది ఆ సాయంత్రమే కనుక, సైకిలును పొద్దుటి హుషారుతో కాకుండా సాయంత్రపు ఓపికతో బేరీజు వేసుకోవాలి.

బాగు చేయించాలా, మార్చాలా?

కొత్తది కొనేముందు పాతదాన్ని ఒకసారి నిజాయతీగా పరీక్షించాలి. చాలా సైకిళ్లు చావకముందే తుక్కులోకి పోతున్నాయి. ఇంకొన్ని ప్రాణాపాయం తెచ్చే స్థితిలో కూడా దారి మీద తిరుగుతున్నాయి.

ముందు ఫ్రేము చూడాలి. హ్యాండిల్ కింద గొట్టాలు కలిసే చోట, సీటు కింద, పెడళ్ల ఇరుసు ఉండే చోట గుడ్డతో తుడిచి వెలుతుర్లో పరికించాలి. రంగు మీద వెంట్రుక మందాన తుప్పు గీత కనిపిస్తే అక్కడ ఇనుము పగులుతోందని అనుమానించాలి. ముందు ఫోర్కు వెనక్కి వంగి ఉంటే ఎప్పుడో గట్టి దెబ్బ తిన్నదన్నమాట. ఫ్రేములో పగులు, ఫోర్కులో వంపు ఉన్న సైకిలుకు ఖర్చు పెట్టడం దండగ. వెల్డింగు పెట్టించి నెట్టుకొచ్చేవాళ్లున్నారు. బరువేసుకుని రహదారి ఎక్కే మనిషి ఆ సాహసం చేయకూడదు.

ఫ్రేము గట్టిగా ఉంటే తర్వాత చైను. దీనికి మెకానిక్కు అక్కర్లేదు, అడుగు స్కేలు చాలు. సైకిలు చైనులో ఒక పిన్ను నుంచి మరో పిన్నుకు అరంగుళం దూరం. స్కేలు సున్నాను ఒక పిన్ను నడిమికి ఆనిస్తే 12 అంగుళాల గీత దగ్గర సరిగ్గా మరో పిన్ను నడిమి రావాలి. ఆ పిన్ను గీత దాటి ఒకటిన్నర మిల్లీమీటర్లు జరిగితే చైను మార్చాలి. మూడు మిల్లీమీటర్లు జరిగితే చైను ఒక్కటే మార్చి లాభం లేదు. సాగిన చైను అప్పటికే ముందు పళ్ల చక్రాన్నీ వెనక ఫ్రీవీలునూ తినేసి ఉంటుంది. వాటి పళ్లు సొరచేప కోరల్లా ఒకవైపు వాలి కనిపిస్తాయి. మూడూ కలిపి మార్చాలి.

పెడలు తొక్కినప్పుడల్లా ‘కటక్’ మంటే పాత తరహా సైకిళ్లలో అది తరచూ కాటరు పిన్ను వదులైన చప్పుడు. చిన్న ఖర్చుతో పోతుంది. చక్రం ఊగుతుంటే పుల్లలు బిగించి బెండు తీయిస్తే సరి. ఒకే చక్రంలో పుల్లలు మాటిమాటికీ తెగుతుంటే రిమ్ము పోయిందని అర్థం. బాల్స్, కప్పులు, గ్రీజు, ఇవన్నీ కలిపి ఓవరాలింగుకు ఎంతవుతుందో అడగండి. నా లెక్కలో ఆ ఖర్చు కొత్త సైకిలు ధరలో మూడో వంతు లోపు అయితే బాగు చేయించడమే మేలు. సగానికి చేరితే మాత్రం కొత్తది చూసుకోవచ్చు. పాతదాన్ని తుక్కుకు వేయక క్యారేజీ, స్టాండు, సీటు, తాళం లాంటివి విప్పి ఉంచుకుంటే కొత్తదానికి అక్కరకొస్తాయి.

అంగట్లో ఉన్న రకాలు

మొదటిది నల్ల సైకిలు. 28 అంగుళాల చక్రాలు, ఇనుప రాడ్లతో పట్టే బ్రేకులు, నిండు చైన్ కవరు, వెనక బలమైన క్యారేజీ, రెండు కాళ్ల స్టాండు. ఇరవై కిలోల చుట్టుపక్కల బరువు తూగుతుంది. దీని వంశం చాలా పాతది. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ రెండు సమాన చక్రాలతో, వెనక చక్రానికి చైను పెట్టి సైకిలు తయారు చేశాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు తెచ్చాడు. ఆ రూపమే బ్రిటిషు కంపెనీల ద్వారా మన దేశానికి వచ్చి, 1949లో మద్రాసు అంబత్తూరులో మొదలైన టి.ఐ. సైకిల్స్ లోనూ, 1951లో సోనీపట్‌లో మొదలైన అట్లాస్ లోనూ, 1956లో లూధియానాలో మొదలైన హీరో లోనూ స్థిరపడింది. నాలుగు తరాల రైతులూ పాలవాళ్లూ తాపీ మేస్త్రీలూ దీన్ని పరీక్షించి పాస్ చేశారు. యాభై కిలోల బియ్యం బస్తా క్యారేజీ మీద పెట్టినా తడబడదు. ఏ పల్లెలోనైనా బాగుచేసేవాళ్లున్నారు, విడిభాగాలు దొరుకుతాయి. ధర సుమారు ఐదారు వేల నుంచి ఎనిమిది వేల దాకా.

దీని లోపం బ్రేకు. నికెలు మెరుగు పెట్టిన ఇనుప రిమ్ము తడిస్తే బ్రేకు రబ్బరు జారిపోతుంది. మనకు ప్రధాన వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, వాయుగుండాలతో వస్తాయి. ఆ మూడు నెలలూ నల్ల సైకిలు ఆగాల్సిన చోటికి చాలా ముందే బ్రేకు పట్టాలి. ఇప్పుడు వైరు బ్రేకులతో వచ్చే నల్ల సైకిళ్లూ ఉన్నాయి. అల్యూమినియం రిమ్ముతో దొరికితే ఇంకా మంచిది. తడిలో కూడా అది ఇనుప రిమ్ముకన్నా బాగా పట్టుకుంటుంది.

రెండోది కుర్రాళ్లు మెచ్చే లావు టైర్ల సైకిలు, కొండదారుల పేరుతో అమ్మేది. 26 లేదా 27.5 అంగుళాల చక్రాలు, గరుకు టైర్లు, ముందు షాకబ్జార్బరు, కొన్నింటికి సీటు కింద కూడా ఒకటి. ఆరేడు వేల నుంచి మొదలై, గేర్లుంటే పది పన్నెండు వేల పైకి పోతుంది. అంగట్లో మొదట కంటపడేది ఇదే. పనికి వెళ్లేవాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించాల్సింది కూడా దీని గురించే. చవక షాకబ్జార్బరు గుంతల దెబ్బను కొంత తగ్గిస్తుంది నిజమే. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం కాలి బలంలో కొంత భాగాన్ని కిందికీ పైకీ ఊగడానికే మింగేస్తుంది. బరువు పెంచుతుంది, ఏడాది రెండేళ్లకు బిగుసుకుపోతుంది లేదా వదులవుతుంది. గరుకు టైరు తారు రోడ్డు మీద రొద చేస్తూ వేగాన్ని తగ్గిస్తుంది. పైగా వీటిలో చాలావాటికి మడ్‌గార్డు, క్యారేజీ, చైన్ కవరు ఉండవు. వానలో వీపంతా బురద, అన్నం క్యారియర్ హ్యాండిలుకు వేలాడాలి, ప్యాంటు అంచు చైనులో పడుతుంది. ఇవన్నీ విడిగా కొంటే ధర ఇంకో వెయ్యి పైనే పెరుగుతుంది. ఈ రకమే కావాలనుకుంటే షాకబ్జార్బర్ లేని ఫోర్కు, నున్నటి టైర్లు, క్యారేజీ బిగించడానికి ఫ్రేములో బోల్టు రంధ్రాలు ఉన్నదాన్ని అడగండి.

మూడోది హైబ్రిడ్. సన్నటి పెద్ద చక్రాలు, తేలికైన ఫ్రేము, గేర్లు. పదిహేను వేల పైన. రోజూ పది పదిహేను కిలోమీటర్లు రహదారి మీదే తొక్కే మనిషికి, ముఖ్యంగా ఎత్తుపల్లాల దారిలో, ఇది చక్కగా ఒదుగుతుంది. గేర్లు సరిచేయగల మెకానిక్కు నెల్లూరులో దొరుకుతాడు. ఊళ్లో పంచర్ అంగడిలో దొరకడం కష్టం. కొన్ని రకాల ట్యూబులకు వాల్వు సన్నగా ఉంటుంది, పెట్రోలు బంకులో గాలి కొట్టే గొట్టం దానికి పట్టదు. కొనేటప్పుడే మోటారుసైకిలు తరహా వాల్వున్న ట్యూబులు వేయించుకుంటే ఆ బెడద పోతుంది.

నాలుగోది లేడీస్ సైకిలు. పై బారు వంగి ఉంటుంది కనుక చీరతో, చుడీదార్‌తో ఎక్కడం దిగడం సులువు. బరువు ఎక్కించుకున్నాక కాలు వెనక్కి తిప్పి ఎక్కలేని పెద్ద వయసు మగవాళ్లకు, మోకాలి నొప్పి ఉన్నవాళ్లకు కూడా ఇదే సరైనది. ఆడవాళ్ల సైకిలని వాళ్లు మొహమాటపడి ఒళ్లు హూనం చేసుకోవడం బాధ కలిగిస్తుంది.

ఐదోది ఎలక్ట్రిక్ సైకిలు. పాతిక ముప్ఫై వేలు, ఆపైన. మోటారు బలం 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే కేంద్ర మోటారు వాహన నిబంధనల ప్రకారం రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. ఉదయగిరి వైపు మెట్టలకు, యాభై దాటిన మోకాళ్లకు ఇది నిజమైన మేలు. కాని బ్యాటరీ కొన్నేళ్లకు మార్చాలి, దాని ధర చిన్నది కాదు. ఛార్జింగు అయిపోతే ఆ బరువును కాలితో లాగాలి. కొనే ముందు కొత్త బ్యాటరీ ధరెంత, అది ఏ ఊళ్లో దొరుకుతుంది అని అడిగి, కాగితం మీద రాయించుకోవాలి.

ఇక పాత సైకిళ్ల బేరం. బాగా చూసి కొంటే సగం ధరకే గట్టి సైకిలు దొరుకుతుంది. ఫ్రేము, ఫోర్కు, చైను పరీక్షలు పైన చెప్పినవే. ఇంకొకటి కూడా ఉంది. పెడళ్ల ఇరుసు కింద ఫ్రేము నంబరు కొట్టి ఉంటుంది. అది రాకి చెరిపేసి ఉంటే ఆ సైకిలు జోలికి పోవద్దు. ఎవరో ఒక కూలిమనిషి పోగొట్టుకున్నది కావచ్చు.

ఒంటికి తగ్గ కొలత

సైకిలుకు చక్రం కొలత ఒకటి, ఫ్రేము కొలత మరొకటి. అంగట్లో చక్రం గురించే చెప్తారు. ఒంటికి కావలసింది ఫ్రేము కొలత. నేల మీద రెండు పాదాలూ ఆనించి నిలబడితే పై బారుకూ కాళ్ల సందుకూ మధ్య రెండంగుళాలైనా ఖాళీ ఉండాలి. సీటు ఎత్తు చూసుకోవడానికి మడమను పెడలు మీద పెట్టి కిందిదాకా తొక్కితే కాలు నిటారుగా రావాలి. అప్పుడు మునివేళ్లతో తొక్కేటప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. మన దగ్గర చాలామంది నేల అందడానికని సీటు బాగా దించుకుని తొక్కుతారు. మోకాళ్ల నొప్పులకు అదొక కారణం. సీటు మూడంగుళాలు పెంచుకుంటే అదే సైకిలు కొత్తదైనట్టుంటుంది.

గేరు లెక్క కూడా తెలిసి ఉండాలి. ముందు పళ్ల చక్రానికి 44 పళ్లు, వెనక ఫ్రీవీలుకు 18 ఉంటే పెడలు ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల సైకిలు ఆ ఒక్క తొక్కుకు సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. చదును మీద సుఖం, ఎత్తు మీద కష్టం. ఇరవైయొక్క గేర్ల సైకిలుకు డబ్బు పెట్టలేని మెట్టప్రాంతపు మనిషికి చవకైన ఉపాయం ఉంది. 18 పళ్ల ఫ్రీవీలు తీసేసి 22 పళ్లది వేయించుకుంటే తొక్కు నాలుగున్నర మీటర్లకు తగ్గి, ఎత్తు తేలికవుతుంది. చైను కొంచెం పొడుగు కావాల్సి రావచ్చు. ఈ పని ఏ పల్లె మెకానిక్కైనా చేస్తాడు.

టైరు, దీపం, తాళం

ఈ ప్రాంతంలో సైకిలుకు మొదటి శత్రువు తుమ్మముల్లు. కాలవ గట్లన్నీ సర్కారు తుమ్మే. పొలం దారుల్లో పల్లేరుకాయలు. సన్న టైరుకన్నా మందం టైరు మేలు. పాత టైరు అంచులు కోసి పారేసి, మిగిలిన పట్టీని టైరుకూ ట్యూబుకూ మధ్య పరిచే పద్ధతి మన మెకానిక్కులకు బాగా తెలుసు. కొంచెం బరువు పెరిగినా పంచర్లు బాగా తగ్గుతాయి. గాలి తక్కువున్న టైరుకు పంచర్లూ ఎక్కువే, తొక్కే శ్రమా ఎక్కువే. చేతిపంపు ఒకటి ఇంట్లో ఉండాలి.

రాత్రి చీకటి ఇంతకన్నా పెద్ద విషయం. పాత రోజుల్లో పట్టణాల్లో సైకిలుకు ఏటా లైసెన్సు బిళ్ల తీసుకోవాలి, దీపం లేకుండా రాత్రిపూట తొక్కితే పోలీసులు పట్టుకునేవాళ్లు. బిళ్లతోపాటు దీపం కూడా పోయింది. అప్పుడు రోడ్డు మీద లారీలు తక్కువ, ఇప్పుడు ఎక్కువ. సైకిళ్లకు రిఫ్లెక్టర్లు నాణ్యతా ప్రమాణాల ప్రకారం ఉండాలని 2020లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. కొత్త సైకిలుకు ముందు, వెనక, పెడళ్లకు, చక్రాలకు అవి బిగించి ఉన్నాయో లేదో అంగట్లోనే చూసుకోవాలి. దానికి తోడు వెనక ఎర్ర దీపం, ముందు తెల్ల దీపం ఛార్జింగువి కొనుక్కోవాలి. మొత్తం ఖర్చు కొన్ని వందలు. దువ్వూరు నుంచి సంగం వచ్చే రహదారి మీద చీకట్లో ప్రాణం కాపాడేది ఆ ఎర్ర దీపమే. డబ్బు చాలక ఏదో ఒకటి మానుకోవాల్సి వస్తే గేర్లు మానుకోండి, దీపం మానుకోవద్దు.

తాళం గురించి కూడా చెప్పాలి. ఈ వైపు చాలామంది పల్లె నుంచి సంగం దాకా సైకిలు తొక్కి, అక్కణ్నుంచి నెల్లూరుకో ఆత్మకూరుకో బస్సెక్కుతారు. సైకిలు పొద్దుగూకేదాకా సెంటరులో ఎండలో నిలబడాలి. అలా వదిలిపెట్టాల్సిన సైకిలు ఖరీదైనది కాకపోవడమే మేలు. ఫ్రేముకున్న చిన్న తాళం చాలదు, చక్రాన్నీ ఫ్రేమునూ కలిపి స్తంభానికి బిగించే గొలుసు తాళం ఉండాలి.

డబ్బు లెక్క

రోజుకు పది కిలోమీటర్లు పోయి, పది కిలోమీటర్లు వచ్చే మనిషి నెలకు 26 రోజులు పని చేస్తే 520 కిలోమీటర్లు తిరుగుతాడు. లీటరుకు యాభై కిలోమీటర్లిచ్చే మోటారుసైకిలుకు పదిన్నర లీటర్ల దాకా పెట్రోలు. లీటరు 110 రూపాయల చొప్పున నెలకు పదకొండు వందల పైన. ఇంజను ఆయిలు, ఇన్సూరెన్సు, వాయిదాలు వేరే. ఏడు వేల సైకిలు ఏడు నెలల్లోపే పెట్రోలు రూపంలో తన ధర తిరిగిచ్చేస్తుంది. పది కిలోమీటర్లకు పట్టేది సుమారు నలభై నిమిషాలు. 2025 సెప్టెంబరు 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ఆ తేడా బిల్లులో కనబడాలి. బిల్లు తీసుకోనివాళ్లకు అది కనబడదు.

బేరం ధర దగ్గర ఆపకూడదు. సైకిళ్లు కంపెనీ నుంచి విడిభాగాలుగా పెట్టెల్లో వస్తాయి, బిగించేది అంగట్లో పనివాడు. ఎంత మంచి కంపెనీ సైకిలైనా బిగింపు సరిగా లేకపోతే నెల తిరక్కుండా చక్రం ఊగుతుంది. అందుకే నాలుగు విషయాలు ముందే మాట్లాడుకోవాలి: ఇరుసుల్లో గ్రీజు నిండుగా పెట్టాలి, పుల్లలన్నీ ఒకే బిగువున ఉండాలి, బ్రేకు రబ్బర్లు రిమ్ముకు సరిగ్గా ఆనాలి, నెల తర్వాత ఒకసారి ఉచితంగా మళ్లీ బిగించాలి. వంద రూపాయలు తగ్గించమని అడగడంకన్నా ఈ నాలుగూ అడగడం లాభం. కొనేముందు రోడ్డు మీద కొంచెం దూరమైనా తొక్కి చూడాలి. క్యారేజీ మీద మోయబోయే బరువు లాంటిది పెట్టి చూస్తే ఇంకా మంచిది.

సైకిలు పేదవాడి గుర్తా?

ఇన్ని లెక్కలూ సైకిలు వైపే చూపుతున్నా వయసులో ఉన్నవాళ్లు చాలామంది అప్పు చేసైనా మోటారుసైకిలే కొంటున్నారు. దారి దూరమైతే, ఇంట్లో ముసలివాళ్లను ఆసుపత్రికి తీసుకుపోవాలంటే అది అవసరమే. దగ్గరి పనికి కూడా సైకిలు తొక్కడం చిన్నతనమనుకోవడమే విచారకరం. ఇది నెల్లూరు జిల్లా. విడవలూరు దగ్గర అలగానిపాడులో 1913లో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య 1952లో రాజ్యసభ సభ్యుడై ఢిల్లీ వెళ్లి పార్లమెంటుకు సైకిలు మీదే వెళ్లారు. తర్వాత హైదరాబాదులో శాసనసభకూ అలాగే వెళ్లారు. ఆయనకూ అది ఉద్యోగానికి వెళ్లే దారే. సైకిలు తొక్కడం వల్ల ఆయన గౌరవం తగ్గలేదు.

2011 జనాభా లెక్కల నాటికి దేశంలో వంద ఇళ్లలో 45 ఇళ్లకు సైకిలు ఉంది. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవాళ్లలో దాదాపు 13 శాతం సైకిలు మీదే పనికి వెళ్లేవారు. ఇంతమంది అవసరాన్ని మార్కెట్టు పట్టించుకోవడం తగ్గింది. అట్లాస్ కంపెనీ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిలు దినోత్సవం నాడే మూతపడింది. మిగిలిన కంపెనీలు సరదాకి తొక్కేవాళ్ల కోసం కొత్త నమూనాలు తెస్తున్నాయి. పనికి వెళ్లేవాళ్ల నల్ల సైకిలు మాత్రం చాలావరకు దశాబ్దాల కిందటి తీరులోనే ఉంది.

ఆడవాళ్ల విషయంలో సైకిలు చేసిన మేలుకు రుజువులున్నాయి. బిహారులో 2006లో బడి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చే పథకం మొదలైతే, కార్తిక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ చేసిన అధ్యయనంలో హైస్కూలులో చేరే ఆడపిల్లల సంఖ్య దాదాపు మూడో వంతు పెరిగినట్టు తేలింది. మన పక్క రాష్ట్రం తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగానే వేలాది గ్రామీణ స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. మన రాష్ట్రంలో ‘బడికొస్తా’ పథకం కింద హైస్కూలు ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. ఆ పిల్లలు ఇప్పుడు పనికి వెళ్లే వయసుకు వచ్చారు. 2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీ శక్తి’ పథకంతో కొన్ని రకాల ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. బస్సు ఆగే చోటికి ఇల్లు మూడు నాలుగు కిలోమీటర్లుంటే ఆటోకు డబ్బులు పెట్టక తప్పదు. ఆ మూడు కిలోమీటర్లూ సైకిలు భర్తీ చేస్తే పనికి పోయిరావడం నిజంగా ఉచితమవుతుంది. బట్టల కొట్టులో, ఆసుపత్రిలో పని చేసే అమ్మాయికి ఇంట్లోవాళ్లు కొనిపెట్టదగిన మొదటి వస్తువు గట్టి సైకిలు.

ఎవరికి ఏది?

సంగం చుట్టూ చదును నేల మీద పది కిలోమీటర్ల లోపు పనికి వెళ్లేవాళ్లు, బరువు మోసేవాళ్లు వైరు బ్రేకులున్న నల్ల సైకిలు కొనుక్కోవాలి. బరువు లేకుండా రోజూ రహదారి మీద దూరం తొక్కేవాళ్లు, డబ్బు వెసులుబాటు ఉంటే, మడ్‌గార్డులు, క్యారేజీ బిగించిన హైబ్రిడ్ చూడొచ్చు. ఆత్మకూరు దాటిన మెట్ట దారుల్లో ఒక్క గేరు సైకిలుకు పెద్ద ఫ్రీవీలు వేయించుకోవడమో, సాదా గేర్ల సైకిలో మంచిది. మోకాళ్లు బలహీనపడ్డవాళ్లకు లేడీస్ సైకిలు, అదీ చాలకపోతే ఎలక్ట్రిక్. బస్సుకోసం సెంటరులో వదిలేయాల్సినవాళ్లకు పరీక్షించి కొన్న పాత సైకిలు, గట్టి తాళం. అందరికీ కామన్‌గా మడ్‌గార్డు, చైన్ కవరు, రెండు దీపాలు.

కొనేవాళ్ల తెలివితేటలతోనే అంతా తీరదు. రహదారి అంచున తారు దాటి మట్టి మార్జిన్ ఒక అడుగు కిందికి దిగిపోయిన చోట ఎంత మంచి సైకిలైనా లారీకి తప్పుకోలేదు. సంగం, ఆత్మకూరు బస్టాండుల దగ్గర నీడా కాపలా ఉన్న సైకిలు స్టాండు, జాతీయ రహదారి అంచులో సైకిళ్లకు సరిపడా చదును చేసిన మార్జిన్, సెంటర్ల దగ్గర రాత్రి వెలుతురు, ఈ మూడూ పంచాయతీలనూ రహదారుల శాఖనూ గట్టిగా అడగాల్సినవి. సైకిలు మనిషి రోడ్డు అడగడు, ఒక పక్కకు ఒదిగి పోతాడు. అందుకే అతని అవసరం ఎవరి లెక్కలోకీ రావడం లేదు. వచ్చే గ్రామసభలో ఈ మూడింటి మీద అర్జీ పెట్టండి. పనికి సైకిలు తొక్కే ప్రతి ఒక్కరి చేతా దానిమీద సంతకం పెట్టించండి.